గేటుకు కట్టిన ఎర్రగుడ్డ

కోర్టు బంట్రోతు మా గేటు దగ్గర స్కూటరు ఆపేసరికి నేను కరివేపాకు చెట్టు మొదట్లో మట్టి గుల్ల చేస్తున్నాను. ‘‘అంకుల్, వో కితాబ్ లిఖ్నేవాలే ఆప్ హీ హై?’’ అన్నాడు. పుస్తకాలు రాసేవాణ్ణి నేనేనని చెప్పాను, కొంచెం గర్వంగానే. నేనుండే రిసాలిలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. అతను సంచిలోంచి కాగితాలు తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి, ‘‘ఆరామ్ సే పఢ్ లీజియే’’ అని రోగిని పలకరించినట్టు చెప్పి వెళ్ళిపోయాడు. నిదానంగా చదువుకోదగ్గ కాగితం కాదది. మట్టి చేతులతోనే అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాను.

సంగతి ఇది. వైశాలి నగర్‌లో మన తెలుగు క్రైస్తవ కుటుంబాలు ప్రార్థన చేసుకునే రేకుల హాలు ఒకటుంది. ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేసి రిటైరయినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ కలిసి కట్టుకున్నది. కొన్ని నెలలుగా ప్రతి ఆదివారం కొందరు దాని గేటు ముందు చేరి, లౌడ్‌స్పీకరు పెట్టి, లోపల మతం మారుస్తున్నారని అరుస్తున్నారు. లోపలికి వెళ్ళే ఆడవాళ్ళను పేరు పెట్టి పిలిచి తిడుతున్నారు. హాలువాళ్ళు కోర్టుకు వెళ్ళారు. కోర్టు ఎదుటివాళ్ళ వాదన వినకుండానే తాత్కాలిక ఇంజంక్షన్ ఇచ్చింది. ప్రార్థన వేళల్లో ప్రతివాదులు, వాళ్ళ మనుషులు ఆ గేటుకు వంద మీటర్ల లోపల చేరకూడదు. మైకు వాడకూడదు. ఏ మతం వాళ్ళ మీదనైనా ద్వేషం రేగేలా నినాదాలు చెయ్యకూడదు. కింద పేర్కొన్న కరపత్రాన్ని, దాని మూల పుస్తకాన్ని ఎక్కడా చదవకూడదు, ఎవరికీ పంచకూడదు. ప్రతివాదులు ఏడుగురు. మొదటి ఆరుగురూ ఆ గేటు ముందు అరిచేవాళ్ళు. ఏడో పేరు నాది. కింద పేర్కొన్న కరపత్రమూ నాదే.

నాదే అనడానికి నోరు రావడం లేదు. పంతొమ్మిదో ఏట ‘దేవుడికి డాక్టరు సర్టిఫికెట్’ అని ఒక చిన్న పుస్తకం రాశాను. ఆరు అధ్యాయాలు. తాయెత్తుల బాబాలు, గుడి ముందు పూనకాలు, దర్గా నీళ్ళు, జాతకాలు, ముహూర్తాలు, రోగం తగ్గించే ప్రార్థనలు. ఎవరినీ వదల్లేదు. జీవితమంతా నేను వాదించింది అదే, కొలబద్ద ఒకటే ఉండాలని. ఈ పెద్దమనుషులు అయిదు అధ్యాయాలు నరికేసి, ప్రార్థనల మీద రాసినదాన్ని ఒక్కదాన్నే హిందీలోకి మార్చి, అట్ట మీద నా పేరు వేసి, దాని కింద ‘ఒక్క మైకుతో ప్రార్థన ఆపించిన వీరుడు’ అని అచ్చేశారు. ఆ బిరుదు వాళ్ళు కల్పించింది కాదు. పడుచుతనంలో ఒక శుక్రవారం నేను మైకు పట్టుకుని ఒక గేటు ముందు నిలబడితే లోపల ప్రార్థన ఆగిపోయిన సంగతి నా ముందుమాటల్లో రాసుకున్నాను, సభల్లో చెప్పుకున్నాను, చప్పట్లు కొట్టించుకున్నాను. వాళ్ళు దాన్ని ఒక పద్ధతిగా నేర్చుకున్నారు. కాగితం మొదటి పేజీకి తిప్పి, కేసు వేసినవాళ్ళ పేర్లు చూశాను. మూడో పేరు మరియమ్మ, ఒకప్పటి మా పక్కింటి పిన్ని. ఆ శుక్రవారం నేను నిలబడింది ఆవిడ గేటు ముందే.

మధ్యాహ్నం మా చెల్లెలు పైడి ఫోన్ చేసింది. వైశాలి నగర్‌లో మరియమ్మ పిన్ని ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. 

‘‘అన్నియ్యా, నీక్కూడా కాయితం వచ్చీసిందేటి?’’ 

‘‘వచ్చింది. నీకెలా తెలుసు?’’ 

‘‘పిన్ని సంతకం ఎట్టినప్పుడు పక్కనే ఉన్నాను.’’ 

‘‘నా మీద కేసు పెడుతుంటే పక్కన కూర్చుని చూశావా?’’ 

‘‘ఊరికే సూణ్ణేదు. కళ్ళజోడు అందించినాను.’’ 

నాకు అరవాలనిపించింది. ‘‘నువ్వూ మతం మారిపోయావా?’’ అన్నాను. 

‘‘నా బొట్టు నా మొగం మీదే ఉన్నాది. ఆదివారం పిన్ని సెయ్యి పట్టుకుని తీసికెల్లి, ఎనకాల బెంచీ మీద కూకుని సిక్కుడుకాయలు ఒలుచుకుంటాను. దాన్ని ఏ మతం అంటారో నువ్వే పుస్తకం రాయి. మైకులో నన్నూ తిడతన్నారులే, నీ పుస్తకం సదివి మరీ.’’

సాయంత్రం వకీలు దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, చురుకైనవాడు. కాగితం చూసి నవ్వాడు. ఇది నిలవదు సార్, అన్నాడు. ఒక పుస్తకాన్ని ఎక్కడా చదవకూడదంటే ఏ పై కోర్టూ ఒప్పుకోదు, వచ్చే వాయిదాకే కొట్టేయిస్తాను, ఉత్తర్వు మొత్తం పోతుంది. మొత్తం పోతే ఏమవుతుందని అడిగాను. ఆ వచ్చే ఆదివారం వాళ్ళు మళ్ళీ గేటు దగ్గరికి వెళతారు, మీ పుస్తకం పట్టుకుని, అన్నాడు. కావాలంటే వదిలెయ్యండి, కాకపోతే ఆ ఆరుగురి పక్కన మీ పేరూ, మీ పుస్తకం మీద కోర్టు ముద్రా అలాగే ఉండిపోతాయి. వాయిదాకు పది రోజులుంది. మాట మీద ఎవడు తాళం వేసినా విరగ్గొట్టాలని బతుకంతా రాసినవాణ్ణి. సుత్తి చేతిలో పెట్టి తాళం చూపిస్తుంటే, ఆ తలుపు వెనకాల ఎనభై అయిదేళ్ళు దాటిన మరియమ్మ పిన్ని, చిక్కుడుకాయలు ఒలుస్తూ మా పైడి.

ఆ పది రోజులూ నాకు సెక్టారులో మా పాత క్వార్టరే కళ్ళ ముందు ఆడింది. రెండు గదులు, వెనక చిన్న పెరడు, మాకూ మరియమ్మ పిన్ని వాళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆరేసిన బట్టల మీద ఎర్రటి దుమ్ము, పొద్దునా సాయంత్రం బొగ్గు కుంపట్ల పొగ, షిఫ్టు మారేటప్పుడు వీధంతా సైకిలు బెల్లులు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కోక్ ఓవెన్లలో చేరాడు. ఎంత సబ్బు రుద్దినా ఆయన చొక్కాలు తారు వాసన వేసేవి. పిన్ని భర్త సుందర్రావు గారు గోదావరి జిల్లా మనిషి, బ్లాస్ట్ ఫర్నేసులో పని. వాళ్ళింట్లో ఎండుచేపలు వేయిస్తే మా ఇంట్లో అన్నం ఎక్కువ తినేవాళ్ళం. నెలలో పది రోజులు ఈయనకో ఆయనకో నైట్ షిఫ్టు. రాత్రంతా నిప్పు ముందు నిలబడ్డ మనిషి పగలు పడుకోవాలి. ఆ పగటి నిద్ర కోసం మా వీధిలో ఒక ఆచారం ఉండేది. పడుకున్న మనిషి ఇంటి గేటుకు ఎర్రగుడ్డ కట్టేవారు.

అది ప్లాంటు నుంచి ఇంటికి వచ్చిన ఆచారం. పట్టాల మీద ఆగిన వ్యాగన్ల కింద దూరి మనుషులు పని చేసేటప్పుడు ఎర్రజెండా పాతుతారు. జెండా ఉన్నంతసేపు ఇంజను కదలకూడదు. పాతినవాడే దాన్ని తియ్యాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకసారి ఒక ఫిట్టరు జెండా తియ్యడం మరిచిపోయి దూరాన ఉతై అనే ఊళ్ళో ఉన్న ఇంటికి వెళ్ళిపోయాడట. వ్యాగన్ల కింద ఎవరూ లేరని అందరికీ తెలుసు. వంగి చూస్తే కనబడుతోంది కూడా. పెద్ద ఇంజనీరు వచ్చి కేకలేశాడు. డ్రైవరు కిందికి దిగి బీడీ ముట్టించుకున్నాడు తప్ప ఇంజను కదపలేదు. ఉతై నుంచి ఆ ఫిట్టరు సైకిలు తొక్కుకుంటూ వచ్చి, సిగ్గుపడుతూ తన చేత్తో జెండా పీకాకే బండి కదిలింది. నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా మేము నోరు తెరుచుకుని వినేవాళ్ళం. అంత బరువున్న ఇనుప ఇంజను, మూరెడు గుడ్డ ముక్క. నాకు దేవుడి కథలేవీ అంత ఆశ్చర్యంగా ఉండేవి కావు.

ఇంటి గేటు దగ్గరా అదే రూలు. కట్టినవాళ్ళే విప్పాలి. ఇంకొక రూలు కూడా ఉండేది, అది నాన్న నాకు చాలాసార్లు చెప్పాడు. ‘‘గుడ్డ కనబడితే నోరు ముయ్యడమే. ఎవులు తొంగున్నారని అడక్కూడదు.’’ నిద్రపోయేది నాన్నయితే అమ్మ పప్పు నూరడానికి పక్కింటి సన్నికల్లు దగ్గరికి వెళ్ళేది. సుందర్రావు గారు పడుకుంటే పిన్ని తన పప్పు గిన్నె పట్టుకుని మా పెరట్లోకి వచ్చేది. కూరలమ్మే ఛత్తీస్‌గఢీ మనిషి మా వీధి మొదట్లో గేట్లన్నీ ఒకసారి చూసుకుని, గొంతు ఎక్కడ దించాలో అక్కడ దించేవాడు. ఒక రోజు నాన్న లేచి డ్యూటీకి వెళ్ళిపోయినా అమ్మ గుడ్డ విప్పడం మరిచిపోయింది. దీపాలు పెట్టేవేళ దాకా వీధి వీధంతా గుసగుసల్లో మాట్లాడుకుంది. పిన్ని చేత్తో సైగ చేస్తూ వచ్చి, ‘‘అన్నయ్య గారికి ఒంట్లో బాలేదా?’’ అని పెదాలతోనే అడిగితే, అమ్మ నాలిక్కరుచుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది.

శుక్రవారం మధ్యాహ్నం పిన్ని ఇంట్లో ప్రార్థన. ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చేవారు. చప్పట్లు, కంజరి, పాట. మా గేటుకు గుడ్డ ఉన్న శుక్రవారాల్లో మాత్రం కంజరి గోడకు వేలాడేది. ఇరవై మందీ కళ్ళు మూసుకుని, గొంతు లేకుండా, ఊపిరితో పాడేవారు. గోడ ఇవతల నాన్న పక్కన పడుకుని నేను వినేవాణ్ణి. ఎక్కడో దూరంగా చెట్లలో గాలి వీస్తున్నట్టుండేది. మా వాళ్ళూ తక్కువ తినలేదు. వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్ళే రోజున డప్పులు, తాషాలు, గులాల్, అరవై మంది కుర్రాళ్ళ గంతులు. ఆ రోజు సుందర్రావు గారి గేటుకు గుడ్డ ఉంది. ముందున్న డప్పు మనిషి దాన్ని చూసి చెయ్యెత్తాడు. అంతే, ఒక కరెంటు స్తంభం నుంచి రెండో స్తంభం దాకా అరవై మందీ పిల్లుల్లా నడిచారు. తోపుడుబండి చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ బండి మీద అంత పెద్ద విగ్రహం ఊగుతూ మౌనంగా మా ముందు నుంచి వెళ్ళింది. రెండో స్తంభం దాటాక డప్పు ఒక్కసారి విరుచుకుపడింది. నాకు అప్పుడూ దేవుడి మీద నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ రెండు స్తంభాల మధ్య నా ఒళ్ళు జలదరించింది. లోపల పడుకున్నది తమ దేవుణ్ణి మొక్కని మనిషని ఆ అరవై మందికీ తెలుసు.

ఇదంతా చెప్పి ఆనాటి మనుషులు దేవతలని నమ్మిస్తే నేను అబద్ధాలకోరునవుతాను. మా పెరట్లో పప్పు నూరుకునే పిన్నికి అమ్మ టీ ఇచ్చే గ్లాసు వేరు. కిటికీ మీద బోర్లించి ఉండేది. పిన్ని తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించేది. ఆ ఎర్రగుడ్డ కూతను ఆపింది కానీ ఆ గ్లాసును లోపలికి తేలేదు. ఆ మాట నేను అమ్మతో అన్నాను, పోట్లాడాను. ‘‘పెద్ద సదువులోడివి నీకేటి తెల్సు’’ అంది అమ్మ. తర్వాత పోట్లాడడానికి ఆవిడ మిగల్లేదు.

నాన్న నైట్ షిఫ్టు నుంచి వచ్చి పడుకున్న ఒక పొద్దున అమ్మ గేటుకు గుడ్డ కట్టింది. తన పాత ఎర్రచీర ముక్క, అంచున పసుప్పచ్చ చుక్కలు. కట్టి వెనక్కి తిరిగి, అరుగు మీద కూలబడిపోయింది. కొన్నాళ్ళుగా వస్తున్న జ్వరం. ఆసుపత్రిలో ఆరు రోజులుంది. ఆ ఆరు రోజులూ పిన్ని మా ఇంట్లో వంట చేసింది, మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసింది, తగ్గిపోతుందని నాతో చెప్పింది. తగ్గలేదు. శవాన్ని తెచ్చిన రోజున మా గేటుకు ఆ గుడ్డ అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు. కట్టినవాళ్ళే విప్పాలి కదా. కర్మ అయ్యేదాకా మా వీధిలో సైకిలు బెల్లు మోగలేదు, పిల్లలు బంతాట ఆడలేదు, కూరలమ్మే మనిషి నోరు విప్పలేదు. పన్నెండో రోజు దాటాక నాన్న గోడ దగ్గరికి వెళ్ళి, ‘‘నా సేత అవ్వదమ్మా. దాంతో కలిసి పప్పు నూరినదానివి, నువ్వు ఇప్పు’’ అన్నాడు. పిన్ని వచ్చి ముడి విప్పి, గుడ్డను మడిచి తన ఇంటికి తీసుకుపోయింది.

నా దుఃఖానికి ఒక శత్రువు కావాలి. తగ్గిపోతుందని చెప్పిన మనిషి పక్కింట్లోనే దొరికింది. మూడు వారాల్లో పుస్తకం రాసేశాను. తెలుగువాళ్ళ లైబ్రరీలో చర్చలకు వచ్చే ఇద్దరు స్నేహితులు బ్యాటరీ మైకు సంపాదించారు. శుక్రవారం మధ్యాహ్నం పిన్ని గేటు ముందు నిలబడ్డాం. గేటుకు ఎర్రగుడ్డ ఉంది. ‘‘సుందర్రావుది మొదటి షిఫ్టు కదరా, పొద్దున్నే వెళ్ళాడు. పడుకోడానికి ఇంట్లో ఎవడున్నాడు?’’ అన్నాడు నా స్నేహితుడు. ‘‘దేవుడు పడుకున్నాడేమో’’ అన్నాను నేను. ముగ్గురం నవ్వుకున్నాం. మైకు నోటి దగ్గర పెట్టి, ఆరో అధ్యాయంలో మొదటి వాక్యం చదివాను. తెరిచిన తలుపులోంచి చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు కనబడుతున్నారు. ఒక్కరూ పాడటం లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. పిన్ని నోటి మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఆడించింది. నాకు పూనకం వచ్చినంత పనయింది. నా ఒక్క వాక్యానికి ఇరవై గొంతులు ఆగిపోయాయి! ఆ దొంగ గుడ్డను పీకి పారేద్దామని చెయ్యి చాచాను.

‘‘సెయ్యి తియ్యిరా.’’ నాన్న. డ్యూటీ దిగి అప్పుడే వస్తున్నాడు, సైకిలు ఇంకా కాళ్ళ మధ్యనే ఉంది. 

‘‘లోపల ఎవరూ పడుకోలేదు నాన్నా. మన నోరు మూయించడానికి కట్టారు.’’ 

‘‘ఎవులు తొంగున్నారని నిన్నెవులు అడగమన్నారు?’’ 

అప్పుడు చూశాను, నా వేళ్ళ మధ్యనున్న గుడ్డ అంచుకు పసుప్పచ్చ చుక్కలు. అమ్మ చీర. చెయ్యి కాలినట్టయింది. మైకు స్నేహితుడి చేతిలో పెట్టి నడిచి వెళ్ళిపోయాను. నా తల్లి గుడ్డనే నా మీద ఎత్తుగా వాడిందని పిన్నితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. తర్వాత పెళ్ళిళ్ళలో, చావుల్లో పలకరించుకున్నాం, అంతవరకే. రాసేటప్పుడు మాత్రం గుడ్డ సంగతి వదిలేసి, ప్రార్థన ఆగిన సంగతి రాసుకున్నాను.

వాయిదాకు రెండు రోజుల ముందు పిన్ని ఇంటికి వెళ్ళాను. కోడలు కుర్చీ వేసింది. పిన్ని మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మనిషి గుప్పెడైపోయింది, కళ్ళు మాత్రం అవే. ‘‘ఏరా అబ్బాయ్, నీ మీద కేసు పెట్టేసేం కదరా!’’ అని పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. 

‘‘ఆ ఆరుగురితో నాకేం సంబంధం పిన్నీ? నా పేరెందుకు పెట్టారు?’’ 

‘‘వకీలు గారు పుస్తకం మీద పేరు చూసి రాసేసుకున్నారు. వద్దండీ, వాడు మావాడే అన్నాను. మీవాడైతే మీ గేటు దగ్గర మైకెందుకు పెట్టేడండీ అన్నారు. ఏం చెప్పను? పెట్టేవు కదా.’’

నేను అడగకుండా ఉండలేకపోయాను. ‘‘ఆ రోజు అమ్మ గుడ్డ ఎందుకు కట్టావు పిన్నీ? నా నోరు మూయించడానికే కదా?’’ 

ఆవిడ చేతులు ఆగాయి. ‘‘నువ్వొస్తావని నాకేం తెలుసురా? పైడి పడుకుంది.’’ 

‘‘పైడా?’’ 

‘‘తొమ్మిదేళ్ళ పిల్ల. తల్లి పోయిన కాణ్ణుంచి కన్ను మూసింది లేదు. రాత్రుళ్ళు మీ నాన్న డ్యూటీకి పోతే, నువ్వు లైబ్రరీలంట తిరిగితే, ఆ పిల్ల గోడ కొట్టేది, పిన్నీ, పిన్నీ అని. ఆ శుక్రవారం నా మంచం మీద ఒరిగి, అలాగే పడిపోయిందిరా, బట్టల మూటలాగ. ఇంట్లో వెతికితే ఎర్రగుడ్డ ఇంకోటి దొరకలేదు. మీ అమ్మదే కట్టేను. అందరికీ చెప్పేను, పాట వద్దు, మనసులో అనుకోండి చాలని. గంట నుంచీ అలాగే కూర్చున్నాం. అప్పుడొచ్చేవు నువ్వు, ఆ గొట్టం పట్టుకుని.’’ 

‘‘పైడి లేచిందా?’’ 

‘‘కదిలింది. మళ్ళీ పడుకుంది. పొద్దుపోయేదాకా లేవలేదు.’’ 

‘‘నాన్నకి తెలుసా?’’ 

‘‘ఎలా తెలుస్తుంది, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చేడు కదా. తెలియక్కర్లేదు, గుడ్డ ఉంది.’’

కళ్ళతో చూసినదాన్నే నమ్మాలని ఊరూరా చెప్పినవాణ్ణి. మౌనంగా ఉన్న ఇరవై మందిని కళ్ళతో చూశాను. ఆ మౌనం ఎందుకో అడగలేదు. నా గొప్పదనమే కారణమని నమ్మాను, ఆ నమ్మకాన్ని యాభై ఏళ్ళు పూజించాను, నాలాంటివాళ్ళకు పంచాను. ఇప్పుడు ఆ ఆరుగురు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు. గుడ్డ ఇంకా ఉందా అని అడిగాను. ‘‘ఎక్కడుంటుందిరా, ఎప్పుడో చిరిగిపోయింది. మీ బాబాయ్ సైకిలు తుడిచేసేడు’’ అని పిన్ని మళ్ళీ చింతపండు అందుకుంది. కోడలు టీ తెచ్చింది. పిన్నికీ నాకూ ఒకే రకం స్టీలు గ్లాసులు. నేను నా గ్లాసు తీసుకెళ్ళి పంపు కింద కడుక్కుని వచ్చాను. ‘‘వదిలెయ్యరా, అది కడుగుతుంది కదా’’ అంది పిన్ని. నేనెందుకు కడిగానో ఆవిడకు అర్థమయిందని ఆవిడ కళ్ళు చెప్పాయి.

కోర్టుకు నేను రాసుకెళ్ళిన కాగితం చూసి మా వకీలు నెత్తి పట్టుకున్నాడు. ‘‘సార్, ఇది డిఫెన్సా, మాఫీనామానా?’’ వాదనా కాదు, క్షమాపణా కాదు, సవరణ అన్నాను. జడ్జిగారు చిన్నావిడ, మా పైడి కూతురి వయసు ఉంటుంది. నన్నే చదవమన్నారు. చదివాను. ఆ ఆరుగురితో నాకు సంబంధం లేదు. ఆ పుస్తకంలో ఆరు అధ్యాయాలున్నాయి, ఒక్కదాన్ని కోసి అమ్మడం నా మాట కాదు. దాన్ని ఎక్కడా చదవకూడదనడాన్ని నేను ఒప్పుకోను, ఆరూ కలిపి నలుగురిలో చదివి, తప్పయితే చీల్చి చెండాడండి. కానీ నేను ఒక ప్రార్థనను ఆపించానని రాసింది నిజం కాదు. తల్లి పోయిన ఒక పిల్ల నిద్ర కోసం వాళ్ళు నేను రాకముందే మౌనంగా ఉన్నారు. తెలుసుకోకుండా రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గేటు దగ్గర, ఆ వేళల్లో మైకు ఉండకూడదన్న ఉత్తర్వు మీద నాకు అభ్యంతరం లేదు.

‘‘ఆ పిల్ల ఎవరు?’’ అని జడ్జిగారు హిందీలో అడిగారు. ‘‘నా చెల్లెలు. వెనక వరసలో కూర్చుంది’’ అన్నాను. అందరూ తల తిప్పారు. పైడి ఈ సంగతి వినడం అదే మొదలు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుస్తకం ఎక్కడా చదవకూడదన్న మాట కొట్టేసి, ప్రార్థన వేళల్లో ఆ గేటు దగ్గరకు మాత్రమే పరిమితం చేశారు. మిగిలిన ఉత్తర్వు అలాగే ఉంది. బయటికి వస్తుంటే మొదటి ప్రతివాది నా భుజం మీద చెయ్యి వేసి, ‘‘దాదా, ఆప్‌నే తో హమారీ నాక్ కటా దీ’’ అన్నాడు. వాళ్ళ పరువుతో పాటు నా ముక్కు కూడా అందులోనే తెగిందని చెప్పాను. స్కూటరు దగ్గర పైడిని అడిగాను, ఆ రోజు ఏమైనా గుర్తుందా అని. ‘‘తొంగున్నదానికి ఏటి గుర్తుంటాదన్నియ్యా’’ అని కళ్ళు తుడుచుకుంది. 

ఆ ఆదివారం ఆటోలో పిన్నీ పైడీల వెంట నేనూ వెళ్ళాను. గేటుకు వంద మీటర్ల దూరాన, సందు మొదట్లో పోలీసులు సున్నంతో గీత గీశారు. గీతకు ఇవతల ఆ ఆరుగురూ, వాళ్ళ మనుషులూ నిలబడి ఉన్నారు. లౌడ్‌స్పీకరు ఒక మోటారుసైకిలు మీద నోరు మూసుకుని కూర్చుంది. ఏ మొహంలోనూ మెత్తదనం లేదు. లోపలివాళ్ళ మీద వాళ్ళకు ప్రేమ పుట్టలేదు, కోపం చల్లారలేదు. గేటుకు అంటించిన ఒక కోర్టు కాగితం వాళ్ళను ఆపింది, అంతే. ఒకప్పుడు పక్కింటి ఆడమనిషి కట్టిన గుడ్డకు ఆగిన వీధి, ఇప్పుడు జడ్జి సంతకానికీ పోలీసు లాఠీకీ ఆగుతోంది. ఎంత దిగజారామో కొలుద్దామని నోట్లోకి వచ్చిన మాటను మింగేశాను. మూరెడు గుడ్డకు ఇంజను ఆగినా, అరపేజీ కాగితానికి గుంపు ఆగినా నా ఒళ్ళు జలదరించడం ఒకటే. తనకు ఇష్టం లేని చోట కూడా మనిషి ఆగగలడు.

ఆటో దిగి పిన్ని పైడి చెయ్యి పట్టుకుంది. మొదటి ప్రతివాది నన్ను చూసి, ‘‘ఆయియే, సాత్ నంబర్’’ అని పక్కకు జరిగి ఏడో ప్రతివాదికి చోటిచ్చాడు. వెళ్ళి ఆ వరసలోనే నిలబడ్డాను. పిన్ని గీత దాటి, వెనక్కి తిరిగింది. ‘‘నువ్వు రారా లోపలికి, నిన్నెవరు ఆపుతారు?’’ అంది. 

‘‘ప్రతివాదిని కదా పిన్నీ. కట్టినవాళ్ళు విప్పేదాకా ఇక్కడే ఉంటాను.’’ 

‘‘మీ నాన్న పోలికే’’ అని నవ్వి, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళింది. పైడి చేతిలో చిక్కుడుకాయల సంచి ఊగుతోంది. తలుపు మూశారు. నేను నిలబడ్డ చోటికి లోపలి పాట వినబడదు. వాళ్ళు గొంతెత్తి పాడుతున్నారో, ఊపిరితో పాడుతున్నారో తెలిసే వీలు లేదు. జీవితంలో మొదటిసారి చెవి రిక్కించి విన్నాను. గాలి కూడా లేదు. పక్కనున్నవాడు సెల్‌ఫోనులో ఏదో పెట్టబోతే చెయ్యెత్తి ఆపాను. ఏమయిందన్నట్టు చూశాడు. నోటి మీద వేలు పెట్టుకున్నాను. ఎవరు పడుకున్నారని అతను అడగలేదు.